కొల్లూరు మీద విల్లు

పల్నాడులోని క్రోసూరులో హరివిల్లు రెండు దిక్కుల్లోనే పుడుతుంది. పొద్దున పూట పడమట, బెల్లంకొండ కొండల మీద. సాయంత్రం తూర్పున, అమరావతి వైపు పొలాల మీద. నడి మధ్యాహ్నం ఎంత వాన పడనీ, ఎంత ఎండ కాయనీ, వానాకాలంలో అది రాదు. పత్తి చేలో కలుపు తీసే వాళ్ళని అడగండి, మబ్బుల సంగతి తెలిసిన పెద్దవాళ్ళని అడగండి, ఈ మాటే చెబుతారు. వాళ్ళు కొలతలు తీసి చెప్పరు. ఏళ్ళ తరబడి నడుము ఎత్తినప్పుడల్లా చూసిన ఆకాశం అది.

కొలతలు వాళ్ళ మాటనే నిలబెడతాయి. విల్లు నిజానికి ఒక నిండు వలయం. దాని కేంద్రం ఎప్పుడూ మన తల నీడ పడే దిశలోనే ఉంటుంది, అక్కడి నుంచి అంచు దాకా 42 డిగ్రీలు. సూర్యుడు 42 డిగ్రీలకి మించి పైకెక్కాడంటే వలయం మొత్తం నేల కిందకి దిగిపోతుంది. క్రోసూరు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అందుకే మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం ముగిసేటప్పుడు మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలబడతాడు. మన నీడ మన కాళ్ళ కిందే దాక్కుంటుంది. ఆశ్లేష కార్తెలో కెమెరా పట్టుకుని బయల్దేరే మనిషికి ఇంత చిన్న లెక్క చాలు: పొద్దున తొమ్మిది లోపు, లేదా సాయంత్రం మూడున్నర దాటాక. చిత్త కార్తె వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోయి ఉంటాడు, మూడు కాకముందే విల్లుకి దారి తెరుచుకుంటుంది.

కార్తెలతో పాటు విల్లు కాళ్ళూ కదులుతాయి. ఆగస్టులో పొద్దు గుంకేటప్పుడు తూర్పున లేచిన విల్లుకి ఒక కాలు పెదకూరపాడుకి దక్షిణంగా, సత్తెనపల్లి దిక్కుకి దగ్గరగా పడుతుంది, ఇంకో కాలు కృష్ణ ఒడ్డు వైపు. అక్టోబరు నడిమికి వచ్చేసరికి రెండు కాళ్ళూ ఉత్తరానికి జరిగి, దక్షిణపు కాలు దాదాపు పెదకూరపాడు మీదే వాలుతుంది. ఊళ్ళ పేర్లతో కొలవగలిగిన హరివిల్లు మాది. ఈ చదును నేల, ఈ నల్లరేగడి, కంటికి అడ్డం లేని ఈ అంచు ఇచ్చిన వరం అది. పట్నంలో రెండు మేడల మధ్య విల్లు ముక్క కనబడితేనే జనం బాల్కనీల్లోకి పరుగెత్తుతారు. ఇక్కడ కాలి దగ్గర నుంచి కాలి దాకా, ఒక్క వంపులో, అడ్డేదీ లేకుండా చూస్తాం.

విల్లు కంటే ముందు వచ్చేది భయం. దాన్ని వదిలేసి అందాన్ని మాత్రమే పొగడటం నాకు చేతకాదు.

పల్నాడు ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. రెంటచింతల పేరు ప్రతి వేసవిలోనూ వార్తల్లో వినబడుతుంది. అలా కాగిన నేల మీద ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఆకాశం ఒక వైపు నల్లబడటం మొదలవుతుంది. మబ్బు పైకి పెరుగుతుంటే కళ్ళతో చూడొచ్చు. పది పన్నెండు కిలోమీటర్లకి మించిన ఎత్తు దాకా లేచి, పైన ఇక ఎదగడానికి వీల్లేక పక్కలకి పరుచుకుంటుంది. లోపల పడుతున్న వాన గాలిని చల్లబరిచి కిందికి తోస్తుంది, ఆ గాలి నేలని తాకి నలుదిక్కులకీ పరుగెత్తుతుంది. అందుకే చినుకు రాకముందే చలిగాలి వస్తుంది. దాని ముందు నల్లరేగడి దుమ్ము గోడ కట్టి నడుస్తుంది. వేప కొమ్మలు వెల్లకిలా తిరిగిపోతాయి. కొంగలు తెల్లగా, ఆ నల్లటి మబ్బు ముందు నుంచి చెరువు వైపు ఎగిరిపోతాయి. నలుపూ తెలుపూ కలిసిన ఆ ఒక్క క్షణాన్ని ఏ రంగూ అందుకోలేదు.

అదే నెలల్లో కళ్లాల నిండా ఎండుమిర్చి ఉంటుంది. ఎర్రటి కాయ నేలంతా పరిచి ఉండగా, దాని మీదుగా నీలినలుపు మబ్బు రావటం కంటే గొప్ప దృశ్యం ఫొటోకి దొరకదు. ఆ ఎరుపు, ఆ నలుపు, మధ్యలో పరుగులు పెడుతున్న మనుషులు. ఒకసారి అలా కెమెరా కంటికి ఆనించగానే కళ్లంలో నుంచి ఒక పెద్దావిడ కేకేసింది: "అబ్బాయా, ఫొటో తర్వాత తీద్దువు గానీ, ముందు ఈ పట్ట అంచు పట్టు." పట్టుకున్నాను. గాలి ఆ టార్పాలిన్ని పైకి లేపి మా చేతుల్లోంచి గుంజుకుపోవాలని చూస్తుంటే, నలుగురం నాలుగు మూలల మీద రాళ్ళు పెట్టాం. తడిస్తే కాయ రంగు మారుతుంది, రంగు మారితే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. ఆ మబ్బు అందాన్ని ఆ రోజు చూసినంత బాగా నేనెప్పుడూ చూడలేదు. దాని బరువు నా చేతుల్లో ఉంది మరి.

మెరుపుని ఫొటో తీయాలనుకునే పిల్లలకి ఒక్క మాట. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమిందంటే చేలో నిలబడకూడదు, చెట్టు కిందకి అసలే వెళ్ళకూడదు. పక్కా ఇంట్లోకో, అద్దాలెత్తిన కారులోకో చేరాలి. మా జిల్లాల్లో పిడుగుకి పోయే వాళ్ళలో పొలం పనికి వెళ్ళిన వాళ్ళే ఎక్కువ. దూరంగా, చీకటి పడ్డాక, అవతలి మండలం మీద మెరుస్తున్న మబ్బుని కిటికీ దగ్గర స్టాండు మీద పెట్టిన కెమెరాతో, షట్టర్ పది ఇరవై సెకన్లు తెరిచి పట్టుకుంటే చాలు. మెరుపు తన బొమ్మ తానే గీసుకుంటుంది.

వాన దాటిపోయాక అసలు పండుగ మొదలవుతుంది.

పడమట మబ్బు అంచు చిరుగుతుంది. ఆ సందులోంచి పక్కవాటుగా ఒక ఎండ వస్తుంది. బంగారం రంగనడం తక్కువ మాట. తడిసిన పత్తాకులు, తడిసిన తారురోడ్డు, తడిసిన బర్రెల వీపులు, అన్నీ ఒకేసారి వెలుగుతాయి. తూర్పున మాత్రం మబ్బు ఇంకా నల్లగానే ఉంటుంది. ఎండావానా కలిస్తే కుక్కకీ నక్కకీ పెళ్ళంటూ పిల్లలు వీధిలోకి దూకుతారు. కూలీలని ఎక్కించుకుని వస్తున్న ఆటో పక్కకి ఆగుతుంది. దిగిన వాళ్ళందరూ ఒకే వైపు చూస్తారు. ఎవరూ ఎవరికీ చూపించనక్కర్లేదు.

అక్కడ జరుగుతున్నది ఏమిటో తెలిశాక నా ఆశ్చర్యం రెట్టింపయింది. వెలుగు చినుకులోకి దిగేటప్పుడు కొంచెం వంగుతుంది, వెనక గోడకి తగిలి తిరిగి వస్తుంది, బయటికి వచ్చేటప్పుడు మరోసారి వంగుతుంది. ఒక్కో రంగు ఒక్కో కోణంలో వంగుతుంది: ఎరుపు 42 డిగ్రీల దగ్గర, ఊదా 40 డిగ్రీల దగ్గర. అంటే ఒక్కో చినుకు నా కంటికి ఒక్కో రంగే పంపగలదు. నాకు ఎరుపునిచ్చిన చినుకు తన ఊదాని నా తల మీదుగా, నా వెనక మెట్ట మీద నిలబడ్డ గొర్రెల కాపరికి పంపుతుంది. పడుతూ పడుతూ కాసింత కిందికి రాగానే అదే చినుకు నాకు పసుపునిస్తుంది, ఆకుపచ్చనిస్తుంది, చివరికి ఊదానీ ఇచ్చి నేలకి చేరుతుంది. దాని చోటుకి పై నుంచి మరో చినుకు వస్తుంది. నిశ్చలంగా నిలబడ్డట్టున్న విల్లులో ప్రతి చినుకూ పరుగులోనే ఉంది. పక్కన నిలబడ్డ మనిషి చూసే విల్లు నా విల్లు కాదు, వేరే చినుకులు కట్టింది. నా కుడి కంటిది ఒకటి, ఎడమ కంటిది ఇంకొకటి. కెమెరాకి దాని విల్లు దానికుంటుంది. ఆటో దిగిన పన్నెండు మంది కూలీలకి ఆకాశం పన్నెండు విల్లులు కట్టి పెట్టింది, ఎవరిది వాళ్ళకి, నిండుగా.

పైన రెండో విల్లు వస్తే రంగులు తిరగబడి ఉంటాయి. చినుకులో వెలుగు రెండు సార్లు తిరిగి రావటం వల్ల అది 51 డిగ్రీల దగ్గర పుడుతుంది. రెండు విల్లుల నడుమ ఆకాశం చుట్టుపక్కల కంటే నల్లగా ఉంటుంది. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట దాన్ని గమనించి రాసిన అఫ్రోడిసియాస్ ఊరి అలెగ్జాండర్ పేరే ఆ చీకటి పట్టీకి నిలిచింది. కింద విల్లు లోపలి వైపు ఆకాశం తెల్లబడి ఉంటుంది. ఫొటోలో నాకు రంగుల కంటే ఎక్కువ ఇష్టం ఈ తేడా. విల్లు లోపల వెలుగు, బయట చీకటి. ఒక్కసారి చూపిస్తే ఇక జన్మంతా చూస్తూనే ఉంటారు.

ఫొటో తీసేవాళ్ళకి విల్లు పెద్దదవడమే మొదటి చిక్కు. అంచు నుంచి అంచుకి 84 డిగ్రీలు. పెద్ద సెన్సర్ కెమెరాకి 20 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా సరిగ్గా అంతే చూస్తుంది, ఒక్క వెంట్రుక వాసి ఎక్కువ లేదు. ఊపిరాడాలంటే 16 కావాలి. ఫోన్లలో మామూలు కెమెరా చాలదు, 0.5 అని చూపించే వెడల్పు కెమెరాకి మారితే నిండు విల్లు హాయిగా పడుతుంది. వెలుతురు ఒక మెట్టు తగ్గించండి, రంగులు నిలబడతాయి. లెన్సు మీద తుంపర పడితే మెత్తటి పాత నూలు గుడ్డతో తుడవండి, చొక్కా అంచుతో వద్దు. పోలరైజర్ ఫిల్టరు ఉన్నవాళ్ళు దాన్ని మెల్లగా తిప్పి చూడండి: ఒక దగ్గర విల్లు భగ్గుమంటుంది, పావు చుట్టు తిప్పగానే ఆ చోట మాయమైపోతుంది. విల్లు వెలుగు అంతా దాదాపు ఒకే తీరున, వంపు వెంబడి కంపిస్తుంది కాబట్టి ఆ గాజుకి అంత అధికారం వచ్చింది. ఆ మాయమయ్యే క్షణం పిల్లల కళ్ళ ముందు జరిపి చూపించడం నాకు తెలిసిన గొప్ప సైన్సు పాఠం.

అయితే నిండు విల్లు కోసమే పట్టుబట్టనక్కర్లేదు. నేను ఎక్కువగా దాని కాలి వైపు తిరుగుతాను. నేలకి దగ్గరగా విల్లు నిలువుగా దిగే చోట రంగులు చిక్కబడతాయి. పొడుగు లెన్సుతో చూస్తే ఆ రంగుల వెనక ఒక వేపచెట్టు, ఒక దిబ్బ, గడ్డివామి, రామాలయం గోపురం కనబడతాయి. ఎర్ర రంగులో సగం, ఆకుపచ్చ రంగులో సగం ఉన్న గడ్డివామిని చూశాను. పొద్దు పూర్తిగా వాలాక ఒక్కోసారి ఎరుపు తప్ప మిగతా రంగులన్నీ రాలిపోతాయి. పడమటి గాలిపొర వాటిని ముందే చెదరగొట్టేస్తుంది. ఆకాశమంత ఎర్ర విల్లు ఒక్కటే మిగులుతుంది. ఆ ఎరుపు కోసం ఎంత సేపైనా కాచుకుంటాను.

కాచుకోవడంలో మాకంటే ఘనులున్నారు. తైవాన్‌లో, తైపే కొండల మీద ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో 2017 నవంబరు 30న ఒక విల్లు 8 గంటల 58 నిమిషాల పాటు చెక్కుచెదరకుండా నిలబడింది. అక్కడి అధ్యాపకులూ విద్యార్థులూ వేల ఫొటోలు తీసి ఆ నిడివిని రికార్డుకెక్కించారు. జర్మనీలో 2011లో మిహాయెల్ గ్రోస్‌మాన్ మూడో విల్లుని ఫొటోలో పట్టాడు. అది సూర్యుడి వైపే, ఆ మిరుమిట్ల మధ్యే పుట్టేది. వందల ఏళ్ళుగా లెక్కల్లో ఉన్నా, చూశామని చెప్పిన వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నా, బొమ్మగా దొరకనిది. ఆ మాట విన్నప్పటి నుంచీ వానలో సూర్యుడి వైపు కూడా ఒకసారి తిరిగి చూడటం నాకు అలవాటైంది.

ఇక లోయ సంగతి. ఇంతసేపూ దాని దగ్గరికే వస్తున్నాను.

క్రోసూరు నుంచి వాయవ్యంగా, అచ్చంపేట దాటి, కొండలు దగ్గరికి జరిగే చోట కృష్ణ ఒక లోయలో ఉంటుంది. పులిచింతల దగ్గర ఆనకట్ట. డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని ఇంజనీరు పేరు పెట్టుకున్న జలాశయం, 24 గేట్లు, నిండితే 45.77 టీఎంసీల నీళ్ళు. వరద కాలంలో గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళు విరిగిపడి లేచే తుంపరలో, వాన లేకుండానే, సూర్యుడు మన వెనక ఉంటే చాలు, ఒక విల్లు కదులుతూ కనబడుతుంది. మాచర్ల పక్కన ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల పైనుంచి దూకే చంద్రవంక నీటి పొగలోనూ ఇదే వరం దొరుకుతుంది. కానీ పులిచింతల లోయలో నన్ను కట్టిపడేసేది గేట్లు కాదు, వాటికి ఎగువన నిశ్చలంగా ఉన్న నీళ్ళు. ఆ నీళ్ళ కింద కొల్లూరు ఉంది.

ఫ్రాన్సు నుంచి వచ్చిన రత్నాల వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో కొల్లూరు వజ్రాల గని చూశాడు. ఒక వైపు నది, ఒక వైపు నెలవంక ఆకారంలో వంగిన ఎత్తైన కొండలు, మధ్యలో మైదానం, ఆ మైదానంలోనే వజ్రాలు తవ్వుతున్నారని రాసి పెట్టాడు. తాను వచ్చేటప్పటికి దాదాపు నూరేళ్ళ ముందు, చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి 25 క్యారెట్లకి దగ్గరగా ఉన్న రాయి దొరికిందనీ, గని అలా బయటపడిందనీ రాశాడు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి 60,000 మంది దాకా అక్కడ పనిచేసేవాళ్ళని ఆయన లెక్క. కోహినూరు పుట్టింది అక్కడేనని ఎక్కువ మంది నమ్ముతారు. తవెర్నియే ఇక్కడి నుంచి పట్టుకుపోయిందని చెప్పుకునే 112 క్యారెట్ల పైచిలుకు నీలి వజ్రాన్ని 1668లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కొన్నాడు. దాన్ని కోసి కోసి మిగిల్చిన 45.52 క్యారెట్ల ముక్క హోప్ వజ్రం పేరుతో 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూడటానికి లోకం నలుమూలల నుంచీ వెళతారు.

ఏం చూడటానికి? వెలుగు విరగటాన్ని. వజ్రం విలువలో సగం అదే కదా. నీరు వెలుగుని 1.33 వంతున వంచితే, వజ్రం 2.42 వంతున వంచుతుంది. లోపలికి వెళ్ళిన కిరణాన్ని తేలిగ్గా వదలదు. తిప్పి తిప్పి, రంగులుగా విడగొట్టి, నిప్పుగా బయటికి పంపుతుంది. ఆ నిప్పు కోసం ఈ లోయలో వేల మంది మట్టి మోశారు, కడిగారు, ఆరబెట్టారు, జల్లెడ పట్టారు. దొరికిన నిప్పంతా పరదేశాలకి పోయింది. ఊళ్ళో కొంచెమైనా మిగల్లేదు. తర్వాత గని ఉడిగింది, ఆ తర్వాత ఊరు కూడా ముంపులో పోయింది, కొల్లూరు వాళ్ళు వేరే చోటికి ఇళ్ళు మార్చుకున్నారు. ఇప్పుడు వజ్రాలు తవ్విన ఆ గుంటల మీద కృష్ణ నిండి ఉంది. శ్రావణ మాసపు సాయంత్రాల్లో, తవెర్నియే నెలవంక అని రాసిన ఆ కొండల మీదుగా, ఒక వాన జల్లు దాటిపోయాక, అదే పని అదే చోట జరుగుతుంది: వెలుగు విరుగుతుంది. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. దీన్ని ఏ వర్తకుడూ మూట కట్టలేదు. ఏ రాజూ బేరమాడలేదు. వల వేసుకుని పడవలో కూర్చున్న మనిషి తలెత్తి, చేతిని కంటికి అడ్డం పెట్టుకుని, ఎంత కావాలంటే అంత చూస్తాడు. ఒక వజ్రం ఒక కాలంలో ఒకరి దగ్గరే ఉంటుంది. విల్లు ఎంతమంది చూస్తే అన్ని. ఈ లోయ పోగొట్టుకున్నదానికి ఆకాశం కట్టిన బదులు ఇదేనని నేను మనసారా నమ్ముతాను.

ఇంకొక్కటి ఉంది, దాని కోసమే ఈ ఏడాది కూడా బయల్దేరుతున్నాను. చదునైన నీళ్ళు వెడల్పుగా పరుచుకున్న చోట ఎప్పుడో ఒకసారి జరిగేది. సూర్యుడి వెలుగు నేరుగా వానని తాకి ఒక విల్లు కడుతుంది. అదే వెలుగు నీళ్ళ మీద పడి పైకి తిరిగి వెళ్ళి, అదే వానలో ఇంకో విల్లు కడుతుంది. మామూలు విల్లుకి కేంద్రం నేలకి దిగువన ఉంటే, నీళ్ళు కట్టిన విల్లుకి అంతే ఎత్తున నేలకి పైన ఉంటుంది. రెండూ దిగంతం దగ్గర ఒకే చోట కాళ్ళూని, పైకి వెళ్ళేకొద్దీ విడిపోతాయి. గాలి పడిపోవాలి, నీళ్ళు కదలకూడదు, వాన తూర్పుకి జరిగి ఉండాలి, పడమట ఎండ కాయాలి, మనం జలాశయాన్ని వెనక పెట్టుకుని తూర్పు ఒడ్డున నిలబడాలి. ఇన్ని కలిసి రావాలంటే పుబ్బ, ఉత్తర కార్తెల్లో, జలాశయం నిండి గేట్లు దించిన రోజుల్లో వెతకాలి. అచ్చంపేట మీదుగా వెళ్ళండి, మాదిపాడు రేవులో బల్లకట్టు నడిపే వాళ్ళని వాన ఎటు పోయిందో అడగండి, వాళ్ళకి తెలుసు. వెడల్పు లెన్సు తీసుకెళ్ళండి. ఆ రెండో విల్లుకి వెలుగునిచ్చేది కొల్లూరు మీది నీళ్ళు.